కొత్త కాటుకైనా, కంటి క్రీమైనా ముందు ఒక్క కంటికే: ఇంట్లో పరీక్షించి చూసుకోవడం ఎలా?

మా పిన్ని కూతురి పెళ్లికి ముందు రోజు రాత్రి, తెల్లారేసరికి కళ్ల కింద నలుపు పోవాలని, అప్పుడే కొన్న అండర్ ఐ క్రీమ్ దండిగా పట్టించి పడుకున్నాను. ఆ సాయంత్రమే కొత్త మస్కారా, దాన్ని తుడుచుకోడానికి కొత్త రిమూవర్ కూడా మొదలుపెట్టాను. పొద్దున లేచేసరికి రెండు రెప్పలూ బూరెల్లా పొంగాయి. పెళ్లి ఆల్బమ్‌లో నేనున్న ప్రతి ఫొటోలోనూ నల్ల కళ్లద్దాలే. తలంబ్రాల వేళ పెళ్లికూతురి వెనక నిలబడ్డ ఫొటోలో కూడా.

వాపు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ మూడింటిలో దొంగ ఏదన్నది మాత్రం ఈరోజుకీ తేలలేదు. మూడూ చెత్తబుట్టలోకే వెళ్లాయి.

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. ఒకసారికి ఒకటే కొత్త వస్తువు, అదీ ఒక్క కంటికే. రెండో కంటిని పాత అలవాటుకే వదిలేస్తాను, సాక్షిగా. రెండు కళ్లకీ రాసేస్తే, నలుపు తగ్గింది క్రీమ్ వల్లో, ఆ వారం బాగా నిద్రపోవడం వల్లో చెప్పలేం. కుడికన్ను అలాగే ఉండి ఎడమకన్ను మారితే, అప్పుడు దాన్ని నమ్మొచ్చు.

1. డబ్బు తీసే ముందు మీ నలుపు ఏ రకమో చూసుకోండి

పగటిపూట కిటికీకి ఎదురుగా, మేకప్ లేకుండా, చేతి అద్దంతో కూర్చోండి. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఎవరికైనా కళ్ల కింద నల్లగానే కనిపిస్తుంది.

ముందు అద్దాన్ని కాస్త ఎత్తుగా పట్టుకుని, గడ్డం పైకెత్తి చూడండి. నలుపు మాయమైందా? అయితే అది రంగు కాదు, ముక్కు పక్కనుంచి బుగ్గ వైపు దిగే గుంట పడేసే నీడ. దాన్ని పూడ్చే క్రీమ్ అంటూ లేదు. కన్సీలర్‌తో కొంత కప్పుకోవచ్చు, అంతే.

నీడ కాకపోతే, కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి జరపండి. గోధుమరంగు మచ్చ అదే రంగుతో చర్మంతోపాటు జరిగితే చర్మంలోనే రంగు ఎక్కువుందన్నమాట. మన ఇళ్లలో ఇది చాలావరకు వంశపారంపర్యం. అమ్మమ్మ పాత ఫొటో తీసి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. తుమ్ములు, దురదలతో ఎప్పుడూ కళ్లు నలుపుకునేవాళ్లకీ ఇలాగే రంగు పడుతుంది. జరిపినప్పుడు నీలంగానో ఊదాగానో మరింత స్పష్టంగా కనిపిస్తే, అవి పల్చటి చర్మం కిందనుంచి కనబడే రక్తనాళాలు. ఇక పొద్దున ఉబ్బి మధ్యాహ్నానికి సర్దుకుంటే అది నీరు. రాత్రి అన్నంలో ఆవకాయ, అప్పడం కాస్త ఎక్కువైన మర్నాడు నా కళ్లు ఇలాగే ఉంటాయి.

చాలామందికి ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి. ఏది ఎక్కువో తెలిసినా చాలు, ఏం కొనాలో తేలుతుంది. రంగుకి విటమిన్ సి, నియాసినమైడ్, రెటినాల్ లాంటివి, వాటితోపాటు పగలు సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ లేకుండా మిగతావి రాయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఉబ్బుకి కెఫీన్ ఉన్నవి పనిచేస్తాయి గానీ కొన్ని గంటలే. నన్నడిగితే, పొద్దుటి ఉబ్బుకి ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు చెంచా వెనకవైపు ఐదు నిమిషాలు ఆనిస్తే, ఆరొందలు పెట్టి కొనే కంటి రోలర్ చేసే పని చాలామటుకు అయిపోతుంది.

2. షాపులో

టెస్టర్ అని పెట్టిన కాటుకనీ మస్కారానీ కంటి దగ్గరికి రానివ్వకండి. పొద్దుటినుంచి ఎంతమంది కళ్లు చూసిందో అది. ముంజేతి మీద గీసుకుని, షాపు బయటికొచ్చి ఎండ వెలుగులో చూడండి. లోపల నల్లగా మెరిసింది బయట బూడిదరంగుకి తిరగడం మామూలే.

డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. ఆ జాబితాలో ఒక శాతానికి మించినవాటిని ఎక్కువనుంచి తక్కువకి వరసగా రాస్తారు. ముందు అట్ట మీద బంగారు అక్షరాల్లో కుంకుమపువ్వు అని ఉండి, వెనక జాబితాలో సువాసన తర్వాతెక్కడో దాని పేరు కనిపిస్తే, మీరు ఎక్కువగా కొంటున్నది సువాసనే. కంటి చుట్టూ వాడేదానికి ఆ వాసన అసలే అక్కర్లేదు. చురచుర పుట్టించేవాటిలో అది ముందుంటుంది.

మందుల షాపులో "మచ్చలకి బాగా పనిచేస్తుందమ్మా" అని చేతిలో పెట్టే ట్యూబుల గురించి ఒక మాట. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిసి ఉంటాయి. వారంలో తెల్లబడినట్టే కనిపిస్తుంది. డాక్టరు చెప్పకుండా కళ్ల చుట్టూ నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. ఇవి పరీక్షించి చూసుకునే సరుకు కాదు.

3. కంటికి ముందు చెవి వెనక

రెప్ప చర్మం దాదాపు అర మిల్లీమీటరే. ఒంట్లో అంతకంటే పల్చటి చర్మం ఇంకెక్కడా లేదు. అందుకే మొదటి పరీక్ష అక్కడ కాదు.

చెవి వెనకో, మోచేతి మడత లోపలో, పావలా బిళ్లంత చోట పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఏడు రోజులు రాయండి. ఒక్కసారి రాసి, గంట చూసి "నాకు పడింది" అనుకోవడమే నేను చేసిన తప్పు. మంట అయితే వెంటనే తెలుస్తుంది గానీ, అలర్జీ బయటపడ్డానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. మస్కారాని సన్నటి గీతలా వేసి ఆరనివ్వాలి. రిమూవర్‌ని ఎలా వాడతామో అలాగే, రుద్ది కడిగేయాలి. ఎర్రదనం, దురద, పొక్కు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

ఇక్కడ ఒక తికమక ఉంది. రెప్పలు దురద పెడుతుంటే తప్పు కాటుకదే అని రాసిపెట్టేసుకుంటాం. గోళ్లరంగు పడనివాళ్లకి కూడా దద్దురు గోళ్ల దగ్గర కాకుండా రెప్పల మీద లేస్తుంది, కళ్లు నలుపుకునేది ఆ వేళ్లతోనే కాబట్టి. పరీక్ష జరిగే వారం గోళ్లరంగు, కొత్త షాంపూ, జుట్టు రంగు ఏవీ మార్చకండి.

జుట్టు రంగంటే గుర్తొచ్చింది. మిగిలిపోయింది కదా అని కనుబొమలకి రాసేవాళ్లు మన ఇళ్లలో ఆడా మగా చాలామంది. ఆ ప్యాకెట్ మీదే, కనుబొమలకీ కనురెప్పలకీ వాడితే చూపు పోవచ్చని హెచ్చరిక ఉంటుంది. చదివేవాళ్లేరీ! 1930లలో అమెరికాలో ఇలాంటి రసాయనంతోనే చేసిన లాష్ లూర్ అనే రెప్పల రంగు వాడి కొందరికి చూపు పోయింది. సౌందర్య సాధనాల మీద అక్కడ 1938లో గట్టి చట్టం రావడానికి అదీ ఒక కారణం. జుట్టు రంగుని మాత్రం ఒక కంటి మీద కూడా పరీక్షించొద్దు.

4. కాటుక, ఐలైనర్, మస్కారా

చెవి వెనక పరీక్ష నెగ్గాక కాటుకకి ఇంకో పరీక్ష పెట్టండి. ముంజేతి మీద ఒకే ఒత్తిడితో మూడు గీతలు గీసి, రెండు నిమిషాలు ఆగండి. మొదటిదాన్ని పొడి వేలితో రుద్దండి. రెండోదాని మీద రెండు చుక్కల నీళ్లు వేసి రుద్దండి. మూడోదాని మీద ఒక్క చుక్క కొబ్బరినూనె.

అసలు సంగతి చెప్పేది మూడో గీతే. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లకి లొంగదనే గానీ జిడ్డుకి లొంగదని కాదు. మే నెలలో విజయవాడలో బస్టాపు దగ్గర పది నిమిషాలు నిలబడ్డ మొహం మీద చెమట ఎంతుంటుందో జిడ్డూ అంతే ఉంటుంది. నూనె చుక్కకి క్షణంలో కరిగిపోయిన కాటుక మధ్యాహ్నానికి కంటి కిందికి దిగుతుంది. మనం మాత్రం నిద్ర చాలక కళ్ల కింద నల్లబడ్డాయనుకుని ఇంకో క్రీమ్ కొంటాం.

ఆ తర్వాత ఇంట్లో ఉండే ఒక రోజు చూసుకుని ఎడమకంటికి కొత్తది, కుడికంటికి రోజూ వాడేది పెట్టుకోండి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరుకి అదే కిటికీ దగ్గర ఫొటో తీయండి. కళ్ల బయటి కొసల కింద చూడండి, ముందు జారేది అక్కడే. కన్ను గరగరలాడిందా, నీళ్లు కారాయా అన్నది కూడా రాసుకోండి.

మొదటి మూడు రోజులు వెంట్రుకల బయటివైపే గీయండి. రెప్ప లోపలి తడి అంచు మీద పెడితేనే కాటుక అందమని నాకూ తెలుసు. కానీ కన్నీటి మీద సన్నటి నూనె పొర పరిచే గ్రంథుల నోళ్లు ఆ అంచునే వరసగా ఉంటాయి, ఒక్కో రెప్పకి పాతికకి అటూ ఇటూ. 2015లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీవాళ్లు ఐలైనర్‌ని లోపలివైపు, బయటివైపు గీయించి పోల్చిచూశారు. లోపల గీసినప్పుడు 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కంటినీటిలో కలిశాయి, అదీ నిమిషాల్లోనే. లెన్స్ పెట్టుకునేవాళ్లయితే తడి అంచు జోలికి పోకపోవడమే మంచిది. లెన్స్ ముందు, మేకప్ తర్వాత. తీసేటప్పుడూ లెన్సే ముందు.

ఇంట్లో పట్టిన కాటుక మంచిదేగా అంటారు. మా నానమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, నెయ్యి కలిపి భరిణెలో పెట్టేది. అది వట్టి మసే. బజార్లో రాయి నూరి అమ్మే సుర్మా వేరు. అందులో వాడే రాయి చాలాసార్లు సీసం ఖనిజం. పైకి రెండూ నల్లగానే ఉంటాయి, సీసం ఉందో లేదో ఇంటి పరీక్షల్లో ఏదీ చెప్పదు. పేరూ నంబరూ లేని పొట్లం కొనకండి. చంటిపిల్లల కంట్లో అయితే ఇంటిదైనా బజారుదైనా పెట్టకండి; నానమ్మ మసి శుభ్రమైనదే కావచ్చు, పెట్టే వేలు కాకపోవచ్చు. దిష్టిచుక్క అరికాలికి పెడితే చాలు.

5. అండర్ ఐ క్రీమ్‌కి రెండు మూడు నెలలు

దీనికి ఓపిక కావాలి. ఒక కంటికి పెసరగింజలో సగమంత చాలు. ఉంగరపు వేలితో, కంటి కింద చేతికి తగిలే ఎముక మీద చుక్కలుగా పెట్టి మెల్లగా అద్దండి. వెంట్రుకల దాకా లాగొద్దు, ఒంటి వేడికి అదే కొంచెం పైకి పాకుతుంది. రెటినాల్ ఉన్నదైతే వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. గర్భిణులు రెటినాల్ మొత్తానికే మానుకోవాలి.

వారానికో ఫొటో తీయండి, అదే రోజు, అదే వేళ, అదే కిటికీ దగ్గర, ఫిల్టర్ లేకుండా. కెఫీన్ సంగతి మొదటి వారంలోనే తేలిపోతుంది. రంగు తగ్గించేవాటికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇవ్వాలి. అన్నాళ్లూ ఒక కంటికే రాయడం పిచ్చిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మా ఆయన రోజూ "రెండో కంటి మీద ఏమైనా కోపమా?" అని అడిగేవాడు. పదో వారంలో మొదటి ఫొటోనీ కొత్త ఫొటోనీ ఏది ఏదో చెప్పకుండా ఆయనకే చూపించాను. తేడా కనిపెట్టలేకపోయాడు. ఎనిమిది వందల క్రీమ్ అది. మళ్లీ కొనలేదు.

మధ్యలో తెల్లటి గింజల్లాంటి చిన్న పొక్కులు లేస్తే క్రీమ్ మీకు మరీ జిడ్డుదని లెక్క. గిల్లకండి, తేలికైనదానికి మారండి.

6. తుడుచుకోవడం, ఆపేయడం

రాత్రి దూదిని రిమూవర్‌లో తడిపి, మూసిన రెప్ప మీద ఇరవై సెకన్లు ఆనించి ఉంచండి. తర్వాత కిందికి ఒక్కసారి లాగితే చాలావరకు వచ్చేస్తుంది. అటూ ఇటూ రుద్దితే నెలంతా క్రీమ్ చేసిన పని ఒక్క రాత్రిలో పోతుంది.

రెప్ప వాచినా మండినా కొత్తదానితోపాటు కంటికి వాడేవన్నీ ఆపి, చల్లటి నీళ్లతో కడిగి తడిగుడ్డ వేసుకోండి. నొప్పి, చూపు మసక, వెలుతురు భరించలేకపోవడం, పుసి కారడం, వీటిలో ఏది ఉన్నా ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ట్యూబు పారేయకుండా పట్టుకెళ్లండి. దేనివల్ల వచ్చిందో ఆయనకి కొంత తెలిసేది ఆ జాబితా చూస్తేనే.

పరీక్ష నెగ్గినవాటి మీద తెరిచిన తేదీ రాసి అంటించండి. మస్కారాకి మూడు నెలలే ఆయుష్షు. డబ్బా వెనక మూత తీసిన సీసా బొమ్మ, అందులో 6 అనో 12 అనో అంకె ఉంటే, తెరిచాక అన్ని నెలలు అని అర్థం. మస్కారా గట్టిపడితే నీళ్లు కలపకండి, పారేయండి. కళ్లకలక వచ్చినప్పుడు వాడినవన్నీ పారేయాల్సిందే, నిన్న కొన్నవైనా సరే.

మొన్న పండక్కొచ్చినప్పుడు మా చెల్లి నా కాటుక పెన్సిల్ అడిగింది. ఇవ్వనన్నాను. అరగంట మూతి ముడుచుకుని కూర్చుంది. సాయంత్రం బజారుకెళ్లి అదే రకం కొత్తది కొనిచ్చాను. ఇప్పుడది దాని చెవి వెనక నాలుగో రోజులో ఉంది.