గల్ఫ్‌లో మొదటి ఏడాది: ఇంటి మీద బెంగను తట్టుకోవడం ఎలా?

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గానీ, కడప, కోనసీమల నుంచి గానీ గల్ఫ్‌కు కొత్తగా వెళ్లినవారిని బెంగ పని రోజుల్లో కంటే సెలవు రోజునే ఎక్కువగా పట్టుకుంటుంది. ఆరు రోజులు ఒళ్లు అలిసి, పడుకోగానే నిద్ర వస్తుంది. ఏడో రోజు మధ్యాహ్నం మంచం మీద ఫోను పట్టుకుని పడుకున్నవారికి మాత్రం ఊరంతా కళ్ల ముందు తిరుగుతుంది. అందుచేత మొదటి నెల నుంచే ఆ రోజును ఖాళీగా ఉంచకూడదు. ఉదయం బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకుని, గదిలోని వారంతా కలిసి వండుకోవడం మంచిది. వారమంతా కుబ్బూసు అనే అక్కడి రొట్టెతోనో మెస్సు అన్నంతోనో సరిపెట్టుకున్నవారికి ఆ పూట కలుపుకున్న పచ్చిపులుసు చేసే మేలు ఇంతా అంతా కాదు. వంట రానివారు వెళ్లేముందే పప్పు, చారు నేర్చుకోవాలి.

ఇంటి నుంచి పచ్చళ్లు, కారప్పొడులు తీసుకువెళ్లేవారు ఒక్క విషయం మరచిపోకూడదు. యూఏఈ, సౌదీ అరేబియాల్లో గసగసాలు నిషిద్ధం. అమ్మ ప్రేమతో దంచి ఇచ్చిన మసాలాలో అవి ఉన్నా విమానాశ్రయంలో చిక్కు తప్పదు కనుక మూట కట్టేముందే అడిగి తెలుసుకోవాలి.

ఫోను విషయంలో వేళ ముఖ్యం. కువైట్, సౌదీ, ఖతార్ మన కంటే రెండున్నర గంటలు, యూఏఈ, ఒమన్ గంటన్నర వెనుక ఉంటాయి. కువైట్‌లో పని ముగించుకుని, స్నానం చేసి రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది. పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు, కంపెనీ బస్సు రాకముందు చేస్తే ఇక్కడ ఏడు గంటలు, పిల్లలు బడికి తయారవుతుంటారు. ఆ పది నిమిషాలు రాత్రి గంటసేపటి మాటల కంటే విలువైనవని నా అభిప్రాయం. యూఏఈలో వాట్సాప్‌లో మాట్లాడుకోవడం సాధారణంగా కుదరదు కాబట్టి, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను ఇంట్లోవారి ఫోనులోనూ ముందే పెట్టించి, వాడడం నేర్పాలి.

బెంగలో సగం నిజానికి అప్పు గురించిన భయమే. వీసాకు తెచ్చిన అప్పు ఎంత, నెలనెలా వడ్డీ ఎంత, జీతంలో తిండికి పోగా మిగిలేది ఎంత అన్నది భార్యకో తండ్రికో దాచకుండా చెప్పాలి. బాగా సంపాదిస్తున్నానని గొప్పకు చెప్పినవారి ఇంటి నుంచి ప్రతి ఫోనులోనూ కొత్త ఖర్చు వినిపిస్తుంది. ఆపై ఫోను ఎత్తడానికే భయం పుడుతుంది.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని అనిపించకపోయినా అది మామూలు బెంగ కాదు. పక్క మంచం అతనికైనా వెంటనే చెప్పి, వైద్యుణ్ణి కలవాలి. భారత రాయబార కార్యాలయాన్నీ సంప్రదించవచ్చు. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఇందుకు కౌన్సెలింగ్ కూడా ఇస్తుంది.

చాలా కంపెనీల్లో మొదటి సెలవు రెండేళ్లకు గానీ రాదు. వచ్చినా, టికెట్ చేతికి అందేవరకు పిల్లలకు తేదీ చెప్పకండి. సెలవు వాయిదా పడితే వారిని సముదాయించడం ఇంట్లో ఉన్నవారికే కష్టం.