చిన్నపిల్లల ఉపాధ్యాయులు తమ ఆరోగ్యపు అలవాట్లను సరిదిద్దుకోవడం ఎలా?

పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు పిల్లల ముక్కులను, గోళ్లను గమనించినంత శ్రద్ధగా తమ శరీరాన్ని గమనించుకోరు. తీరిక లేకపోవడం ఒక కారణమైతే, ఎన్నడూ సరిచూడకుండా పట్టుకుని ఉన్న నమ్మకాలు మరో కారణం. కాబట్టి "నాకు ఈ జబ్బు రాదు", "ఇలా చేస్తే చాలు" అని మీరు అనుకునేవన్నీ ముందుగా ఒక కాగితంపై రాసుకుని, ఒక్కొక్కదాన్నీ పరీక్షించండి.

"ఏళ్ల తరబడి పిల్లల మధ్యే ఉన్నాను, నాకు జలుబు అంటదు" అన్నది అందులో తప్పక ఉంటుంది. జలుబు కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నందున, ఒకదాని నుంచి వచ్చిన రక్షణ మరొకదాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. పిల్లల ముక్కు తుడిచిన ప్రతిసారీ, మరుగుదొడ్డికి తీసుకెళ్లి వచ్చాక, తినేముందు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోండి. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు కనుక, దాన్ని సబ్బుకు బదులుగా భావించవద్దు. యాంటీబయాటిక్‌లు వైరస్‌లపై పనిచేయవు. జలుబుకు వాటిని వాడటం వృథా. ఫ్లూ టీకా మాత్రం ఏటా వేయించుకోవాలి.

గర్భం ధరించాలనుకునేవారు రుబెల్లా, ఆటలమ్మల నుంచి తమకు రక్షణ ఉందో లేదో వైద్యులను ముందే అడగాలి, ఎందుకంటే ఆ టీకాలను గర్భిణులకు ఇవ్వరు. పిల్లల లాలాజలం, మూత్రం ద్వారా సోకే సైటోమెగాలోవైరస్ గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చు. అందుకే పిల్లల ఎంగిలి తినకూడదు.

గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి దొరుకుతుందనుకుంటారు గానీ, దానివల్ల స్వరపేటికపై ఒత్తిడి పెరగవచ్చు. మెల్లగా, మామూలు స్వరంతోనే మాట్లాడి, పిల్లలను పిలవడానికి చప్పట్లనో గంటనో వాడండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోవాలి.

మూత్రవిసర్జనకు వెళ్లే వీలుండదని నీళ్లు మానేయడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు. నా దృష్టిలో ఇది ఉపాధ్యాయుల క్రమశిక్షణా లోపం కానే కాదు. తరగతిని ఐదు నిమిషాలు చూసుకునే మరో మనిషిని ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని అడగడమే దీనికి పరిష్కారం.

పిల్లలను ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, వారిని శరీరానికి దగ్గరగా పట్టుకోండి. రోజంతా నిలబడటాన్ని వ్యాయామంగా లెక్కించవద్దు: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల, ఊపిరి వేగం పెరిగేంత శ్రమ. నిద్ర పట్టకపోవడం, పిల్లలపై విసుగు రెండు వారాలకు మించి కొనసాగితే "ఈ ఉద్యోగమే అంత" అని సరిపెట్టుకోకుండా వైద్యులతో మాట్లాడండి.