తుఫానుల కాలానికి ముందు గ్యాస్ బావి పీడన పరీక్ష: జాగ్రత్తలు

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందంటే కోనసీమలో కొబ్బరి తోటల మధ్యనున్న బావుల దగ్గరకు వాహనం చేరడమే కష్టమవుతుంది. అందువల్ల ప్రెషర్ బిల్డప్ పరీక్షను, అంటే బావి నుంచి గ్యాస్‌ను కొంతకాలం నిలకడగా పారించి, ఆపై బావిని మూసి, అడుగున పీడనం తిరిగి పెరిగే తీరును నమోదు చేసే పనిని, వానలు ముదరకముందే ముగించుకోవాలి.

ఈ డెల్టా కింద పీడనాన్ని లోతును బట్టి మాత్రమే అంచనా వేయకూడదు. నీటి బరువు లెక్కన 3,000 మీటర్ల దగ్గర సుమారు 300 బార్లు ఉండాలి. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒండ్రు వేగంగా పేరుకోవడంతో, లోపలి నీరు బయటకు పోలేక బిగుసుకున్న షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొరలు ఉన్నచోట, పీడనం అంతకంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర అదుపు తప్పిన బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి ఇక్కడి పెద్దలకు ఇప్పటికీ గుర్తే. వెల్‌హెడ్ (బావి నోటి దగ్గర బిగించే పరికరం), వాల్వులు, పీడనం కొలిచే గేజ్‌ల సామర్థ్యాన్ని చుట్టుపక్కల బావుల్లో కొలిచిన గరిష్ఠ పీడనంతో పోల్చి చూశాకే పని మొదలుపెట్టాలి.

విశ్లేషణలో తరచుగా జరిగే పొరపాటు తొందరపాటు. బావిని పైన మూసినా, అడుగు నుంచి గ్యాస్ కొంతసేపు గొట్టంలోకి వస్తూనే ఉంటుంది. ఆ దశలో పెరిగే పీడనం బావి గొట్టం గురించి చెబుతుందే తప్ప రిజర్వాయర్ (గ్యాస్ నిలిచి ఉన్న రాతిపొర) గురించి కాదు. డెరివేటివ్ గీత (పీడనం మారే తీరును చూపే గీత) చదునుగా నిలిచిన తర్వాతే పారగమ్యతనూ (రాతిలో గ్యాస్ ఎంత సులువుగా పారుతుందో), స్కిన్‌నూ (బావి చుట్టూ రాతిలో ప్రవాహానికి ఉన్న అడ్డును చూపే సంఖ్య) లెక్కించాలి. తుఫాను హెచ్చరికతో పరీక్ష మధ్యలో ఆగిపోతే, హార్నర్ గీతను (మూసిన తర్వాతి పీడనాన్ని కాలంతో పోల్చి గీసే గీతను) ఊహతో ముందుకు పొడిగించి రిజర్వాయర్ పీడనం తేల్చేయకుండా, అసంపూర్ణమని నివేదికలో స్పష్టంగా రాయడమే సరైనదని నా అభిప్రాయం. తీరానికి దగ్గరి బావుల్లో మరో చిక్కు ఉంది: సున్నితమైన గేజ్‌లో సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి చిన్న ఊగిసలాట కనిపిస్తే, అది ఆటుపోట్ల ప్రభావం కావచ్చు; దాన్ని రాతిపొరల్లోని ఫాల్టు (పగులు)గానో, రిజర్వాయర్ హద్దుగానో పొరబడకూడదు.

గేజ్‌లు రెండు దించాలి, వాటి గడియారాలు ఒకే సమయం చూపేలా సరిచేయాలి, మూసే ముందు ప్రవాహ రేట్లను గంటగంటకూ రాసుకోవాలి. పరీక్షలో బయటికొచ్చే గ్యాస్‌ను కాల్చే ఫ్లేర్ మంట వెలిగించే ముందు గాలి దిశ చూసుకొని, దగ్గరి ఊరివారికి ముందుగా తెలియజేయాలి.

గేజ్‌లను దించే వైర్‌లైన్ తీగ బావిలో వేలాడుతుండగా మాస్టర్ వాల్వు (బావి పైనుండే ప్రధాన వాల్వు) పూర్తిగా మూసుకోదు. కనుక తీరానికి తుఫాను హెచ్చరిక జారీ అయిన వెంటనే, రీడింగులు ఇంకా కావాలనిపించినా, తీగను పైకి లాగి వాల్వు మూసే నిర్ణయం ఎవరిదో పరీక్షకు ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి.