పడవ ఇంజిను వేడెక్కకుండా చేసుకున్న తీరు

విజయవాడలో, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో తిరిగే మా పడవ డీజిల్ ఇంజిను వేగం పెంచగానే 95 డిగ్రీలు దాటేది. నీటి పంపు మూత విప్పితే నీటిని తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లరు) రెక్కలు రెండు విరిగి ఉన్నాయి. కొత్తది బిగిస్తే చాలని చాలామంది అనుకుంటారు గాని, విరిగిన ముక్కలు నీటితో కొట్టుకుపోయి ఇంజిను వేడిని నది నీటికి వదిలించే హీట్ ఎక్స్ఛేంజరు గొట్టాల మొదట్లో ఇరుక్కుంటాయి కనుక, వాటిని వెతికి తీయనిదే పని పూర్తయినట్టు కాదు. ఇంజిను పూర్తిగా చల్లారాక ఎక్స్ఛేంజరు మూతలు విప్పగా, ఆ ముక్కలతోపాటు గుర్రపుడెక్క వేళ్ల పీచు, ఒండ్రు బయటపడ్డాయి. గొట్టాలు మెత్తని లోహానివి కాబట్టి ఇనుప ఊచ జోలికి పోకుండా, సన్నని చెక్క పుల్లతో ఒక్కొక్కటీ శుభ్రం చేసి, మిగిలిన సున్నపు పొర కరిగేందుకు నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టి కడిగాను. మూతల దగ్గర నీరు కారకుండా ఆపే రబ్బరు వలయాలు (ఓ-రింగులు) కొత్తవి వేశాను. ఇప్పుడు పూర్తి వేగంలోనూ 82 డిగ్రీల దగ్గరే నిలుస్తోంది.