ఆస్తి పన్ను పరిమితి ప్రతిపాదనపై ఓటు వేసే ముందు

కాలిఫోర్నియాలో పౌరసత్వం పొంది తొలిసారి ఓటు వేసే తెలుగువారికి, అభ్యర్థుల పేర్లతో పాటు చట్టాలు కూడా నేరుగా బ్యాలెట్‌పైకి రావడం కాస్త కొత్తగా ఉంటుంది. ఆస్తి పన్నుకు కళ్లెం వేస్తామనే ప్రతిపాదన కనబడితే, అందులోని శాతాన్ని చూసి అప్పుడే నిర్ణయానికి రాకండి.

ముందుగా పరిమితి దేనికో చదవండి. మాసచుసెట్స్ ఓటర్లు 1980లో ఆమోదించిన 'ప్రొపోజిషన్ రెండున్నర' ఊరు మొత్తంగా వసూలు చేసే పన్ను పెరుగుదలను ఏటా 2.5 శాతానికి కట్టడి చేస్తుంది, ఒక్కో ఇంటి పన్నును కాదు. అందువల్ల ఒక్కొక్క ఇంటి బిల్లు 2.5 శాతానికి మించి పెరగవచ్చు. పన్ను వ్యతిరేక ఉద్యమకారులు హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ ముందుకు తెచ్చిన కాలిఫోర్నియా ప్రొపోజిషన్ 13 దారి వేరు. 1978 జూన్ 6న నెగ్గిన ఆ ప్రతిపాదన మూలపన్నును ఆస్తి విలువలో 1 శాతానికి పరిమితం చేయడంతో పాటు, ఇళ్ల విలువలను 1975-76 నాటికి వెనక్కి జరిపి, ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగరాదని నిర్దేశించింది.

తరువాత, ఆ కట్టు ఎప్పుడు తెగుతుందో చూడండి; అసలు వివాదమంతా ఇక్కడే ఉంది. ప్రొపోజిషన్ 13 కింద ఇల్లు చేతులు మారితే మార్కెట్ ధర ప్రకారం కొత్తగా విలువ కడతారు. 1975లో 60,000 డాలర్ల విలువ చేసిన ఇల్లు యాభై ఏళ్లు ఒకే యజమాని దగ్గర ఉంటే, ఏటా 2 శాతం చొప్పున పెంచినా పన్ను లెక్కకు వచ్చే విలువ సుమారు 1,61,000 డాలర్లే, మూలపన్ను దాదాపు 1,600 డాలర్లే. దాని పక్కనే అలాంటి ఇంటినే నేడు 15 లక్షల డాలర్లకు కొన్నవారు 15,000 డాలర్లు కట్టాలి. పింఛనుతో బతికే వృద్ధులు పన్ను భారంతో ఇల్లు వదులుకోకూడదన్నది సమర్థకుల వాదన, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అయితే అదే రక్షణ పెద్ద వాణిజ్య ఆస్తులకూ దక్కడం నాకు సబబుగా తోచదు. దానిని తొలగించాలన్న ప్రొపోజిషన్ 15 మాత్రం 2020లో ఓడిపోయింది. కొత్తగా కొన్నవారిపై ఈ వ్యత్యాసం రాజ్యాంగ విరుద్ధం కాదని 1992లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

పన్ను పరిమితి వల్ల తగ్గే రాబడిని ఎవరు పూడుస్తారో తెలుసుకోవడానికి, ఇంటికి వచ్చే అధికారిక ఓటరు పుస్తకంలో అనుకూల, ప్రతికూల వాదనల కన్నా ముందు శాసనసభ విశ్లేషకుని ఆర్థిక అంచనాను చదవండి.

చివరగా మీ పన్ను బిల్లును ఎదురుగా పెట్టుకోండి. 1 శాతం మూలపన్నుకు అదనంగా, ఓటర్లు ఆమోదించిన బాండ్ల చెల్లింపులు, స్థానిక రుసుములు విడిగా ఉంటాయి. ప్రతిపాదన వీటిలో దేనిని తాకుతుందో గుర్తు పెట్టండి. వారసత్వపు నిబంధనలనూ వదలకండి. ప్రొపోజిషన్ 19 ప్రకారం 2021 ఫిబ్రవరి 16 నుంచి తల్లిదండ్రుల నివాసం సంక్రమించిన పిల్లలు అందులో తామే కాపురముంటేనే పాత విలువ, అదీ ఒక పరిమితి మేరకు, వర్తిస్తుంది. అద్దెకిస్తే కొత్త విలువే కడతారు.