కొత్త కారును రిజిస్ట్రేషన్‌కు ముందే ఎలా చూసుకోవాలి?

షోరూంలో కారుకు దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక చుట్టూ ఒకసారి తిరిగి చూడటం తనిఖీ కాదు. అప్పటికి ఇన్‌వాయిస్ అయిపోయి ఉంటుంది, ఇన్సూరెన్స్ చేసేసి ఉంటారు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) వచ్చేసి ఉంటుంది. కాగితాల మీద బండి మీదే. డోరు మీద సొట్ట చూపిస్తే "పాలిష్ చేయించి ఇస్తాం సార్" అంటారు తప్ప బండి మార్చరు. ఏటా ఎంతోమంది ఇలా ఇరుక్కోవడం చూస్తున్నాను.

ఫ్యాక్టరీ గేటు దాటాక కారు చాలా చేతులు మారుతుంది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్లు ట్రైలర్ల మీద బయల్దేరడం బెంగళూరు హైవే మీద చూసే ఉంటారు. మారుతి కొన్ని కార్లను రైల్లో పంపుతుంది. గుజరాత్‌లో దాని హన్సల్‌పూర్ ఫ్యాక్టరీ లోపలికే రైల్వే లైను ఉంది. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, యార్డులో ఇరుకిరుకుగా నిలిపేటప్పుడు ఎక్కడైనా దెబ్బ తగలొచ్చు. తగిలిన బండికి డెంటింగ్, పెయింటింగ్ చేసి కొత్తదానిగా అప్పజెప్పడమూ జరుగుతుంది.

అందుకే మిగతా డబ్బు కట్టే ముందే మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబర్ అడగండి. "రిజిస్ట్రేషన్‌కు ముందు యార్డులో చూస్తాను, లోపముంటే వేరే బండి ఇవ్వాలి" అని సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు వాట్సాప్‌లో రాసి, సరేనని రాయించుకోండి. నోటి మాట పనికిరాదు. ముహూర్తానికి కనీసం వారం ముందు చూడాలి. దసరాకో ధనత్రయోదశికో డెలివరీ పెట్టుకుని ముందురోజు సాయంత్రం యార్డుకు వెళ్తే, లోపం కనిపించినా ముహూర్తం దాటిపోతుందన్న టెన్షన్‌లో మీరే సర్దుకుపోతారు.

టార్చి, తెల్ల కాటన్ గుడ్డ, పల్చటి ప్లాస్టిక్ కవరు తీసుకెళ్తే చాలు. తోడుగా ఒక మనిషి ఉండాలి, ఇద్దరికి మించి వద్దు.

తేలిక పనులు ముందు ముగించండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు కాగితంలోని నంబరుతో కలవాలి. టైరు పక్కన ఉండే DOT కోడ్‌లో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2325 అంటే 2025లో 23వ వారం. అయిదు టైర్లవీ దగ్గరదగ్గరగా ఉండాలి. కారు తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో (డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో) ఉంటాయి, ముందే అడిగి చూడండి. స్టార్ట్ చేసి ఏసీ, లైట్లు, అద్దాలు, హారన్ చూడండి. జాకీ, రెండో తాళం ఉన్నాయో లేదో చూడండి. బ్రేక్ డిస్కుల మీద పల్చటి తుప్పు ఉంటే కంగారు పడకండి. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది.

ఇక అసలు పని పెయింట్. అందరూ తప్పేది ఇక్కడే.

బండిని కడిగించి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద గీతలు కనిపించవు, దుమ్ములోనూ కనిపించవు. పాలిష్ మాత్రం ఒప్పుకోకండి, సన్నటి గీతలను అది కప్పేస్తుంది. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే మెరుపు పూత) ముందే వేసి ఉంచామంటే ఆ బండి వద్దనండి. బానెట్ మీద, రూఫ్ మీద రవాణా కోసం అంటించిన ఫిల్మ్ ఉంటే మీ ఎదుటే తీయించండి. చూడాల్సింది ఉదయం తొమ్మిది లోపు, ఏటవాలు ఎండలో. షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద చూసినది లెక్కలోకి రాదు.

డోరు ఎదురుగా నిలబడి చూడకండి. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, కన్ను డోరు ఎత్తులో పెట్టి, బండి పొడవునా ముందుకు చూడండి. ప్రహరీగోడ అంచో కరెంటు తీగో డోర్ల మీద ప్రతిబింబిస్తుంది. ఆ గీత సాఫీగా సాగాలి. ఎక్కడ వణికితే అక్కడ సొట్ట ఉన్నట్టు, లేదా పుట్టీ పెట్టినట్టు. పెయింట్ మీద నారింజ తొక్కలాంటి సన్నటి గరుకు ప్రతి కారుకూ కొంత ఉంటుంది. ఒక్క ప్యానెల్ మీద మాత్రమే అది వేరుగా ఉంటే అనుమానించాలి. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దాని రంగు కొద్దిగా తేడాగా ఉండొచ్చు, అది లోపం కాదు.

అనుమానం వస్తే డోరు చుట్టూ ఉన్న రబ్బరు లాగి చూడండి. మళ్ళీ రంగు వేసిన చోట టేపు అంటించిన గీత గోటికి తగులుతుంది. తర్వాత డోరు కీళ్ళ బోల్టులు చూడండి. పానా పెట్టిన గుర్తు ఒకవైపే ఉండి రెండోవైపు లేకపోతే ఎందుకో అడగండి. రెండువైపులా ఒకేలా ఉంటే ఫ్యాక్టరీలో సర్దినది కావచ్చు.

పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటే చాలని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, 200 దాటితే మళ్ళీ రంగు వేశారేమోనని అడగాల్సిందే. కానీ మామూలు మీటరు ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తగిలేది బంపర్లకే. కంటితో చూశాకే మీటరు.

చివరగా ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్, రూఫ్ మీద మెల్లగా నిమరండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరు మీంచి తెలుస్తుంది. తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు కూడా కనిపిస్తే అవి పట్టాల దగ్గర పడే ఇనుప రజను. దాన్ని ఇనుప రజను తొలగించే ద్రావణంతో తీయించాలి, రుద్దించకూడదు.

కనిపించిన ప్రతిదాన్నీ ఫోటో తీసి ఆ వాట్సాప్‌లోనే పంపండి. మళ్ళీ రంగు వేసిన ప్యానెల్ ఉంటే డిస్కౌంట్‌కు ఒప్పుకోవద్దు, వేరే బండి అడగండి. డెలివరీ రోజు ఛాసిస్ నంబరు మరోసారి కలిపి చూడండి. బండి యార్డు నుంచి షోరూంకు రోడ్డు మీదే వచ్చి ఉంటుంది కనుక బంపర్లు, చక్రాల అంచులు మళ్ళీ చూశాకే డెలివరీ కాగితం మీద సంతకం చేయండి.