చలికాలంలో ఆస్ట్రేలియా వస్తున్నారా? సిడ్నీ, మెల్‌బోర్న్ దాటి తిరిగేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. పిల్లలకి సెలవులిస్తున్నారు, మే ఆఖర్లో వచ్చి స్కూళ్ళు తెరిచేలోపు వెళ్ళిపోతాం, స్వెటర్లు తెచ్చుకోవాలా అని. తెచ్చుకోవాలి. మనకి రోళ్ళు పగిలే ఎండలున్నప్పుడు ఇక్కడ చలికాలం మొదలవుతుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా అదే. ఒపెరా హౌస్, ట్వెల్వ్ అపోసల్స్ (సముద్రంలో నిలబడి ఉండే రాతి స్తంభాలు) లాంటివి ఎలాగూ చూస్తారు, వాటికి నా సలహా అక్కర్లేదు. ఈసారి టాస్మేనియా దీవిలోని హోబార్ట్ వెళ్దామా, కాన్‌బెర్రా, బల్లారాట్, అడిలైడ్ తిరుగుదామా అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే ఆ ఊళ్ళల్లో మేమే చాలా తప్పులు చేసి నేర్చుకున్నాం.

చలి గురించి అందరూ అడుగుతారు గానీ పొద్దు గురించి ఒక్కరూ అడగరు. జూన్ మూడో వారంలో హోబార్ట్‌లో పొద్దున 7:40 దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం 4:45కల్లా దిగిపోతాడు. కాన్‌బెర్రాలో 5 కొడితే చీకటి, మెల్‌బోర్న్, అడిలైడ్ ఇంకో పది నిమిషాలు నయం అంతే. మన వాళ్ళు పొద్దున లేచి, కాఫీలు టిఫిన్లు అయ్యి, పెద్దాళ్ళ స్నానాలు పూజలు అయ్యి బయటపడేసరికి పదకొండు అవుతుంది కదా, అంటే చేతిలో ఉండేది ఐదారు గంటలు, అందులో రెండు గంటలు కార్లోనే. అందుకే ప్లాన్ వేసేటప్పుడు పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి అని కాకుండా సాయంత్రం ఎన్నింటికి రూముకి చేరాలి అనేది ముందు రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

మేం ఈ లెక్క వేసుకోలేదు. టాస్మేనియాలో క్రెడిల్ మౌంటెన్ చూసి, ఇంకో ఫొటో ఇంకో ఫొటో అంటూ సాయంత్రం 5కి లాన్సెస్టన్ ఊరికి బయల్దేరాం. మామూలుగా రెండు గంటల దారి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద వాలబీలు (చిన్నసైజు కంగారూలు), ప్యాడెమెలన్లు (కుందేలుకి కాస్త పెద్దవి, బొద్దుగా ఉంటాయి) అడుగడుక్కీ, హెడ్‌లైట్ల వెలుగులో గడ్డి పక్కన కళ్ళు మెరుస్తూ కనపడతాయి, రోడ్డు మీద చచ్చి పడి ఉన్నవి సరే సరి. గంటకి 50 దాటించకుండా వచ్చాను, వెనక సీట్లో అమ్మ గోవిందా గోవిందా అంటూనే ఉంది. ఊళ్ళోకి వచ్చేసరికి 8:30 అయింది, వెళ్ళిన మూడు హోటళ్ళలోనూ ఒకటే మాట, కిచెన్ క్లోజ్ అయిపోయింది అని. ఆ రాత్రి మోటెల్ రూములో బ్రెడ్ కాల్చుకుని కందిపొడి చల్లుకుని తిన్నాం.

అందుకని డ్రైవింగ్ సంగతి గట్టిగా చెప్తున్నా. ఎడమ పక్కే కాబట్టి మనకి అలవాటే, లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే టూరిస్టుగా నడపొచ్చు, కొన్ని రెంటల్ వాళ్ళు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతారు గనక చేయించుకుని రండి. అసలు చిక్కు పొద్దు వాలేటప్పుడూ తెల్లవారేటప్పుడూ వస్తుంది. కంగారూలు అప్పుడే బయటికొస్తాయి. చలికాలంలో ఆఫీసులు వదిలే టైమూ అవి తిరిగే టైమూ ఒకటే అవుతుంది. ఒకటి దాటిపోయింది కదా అని స్పీడ్ పెంచకండి, దాని వెనక ఇంకోటి ఉంటుంది. ఎదురుగా దూకితే స్టీరింగ్ తిప్పేయొద్దు, తిన్నగానే పోతూ బ్రేక్ వేయండి, తప్పించబోయి చెట్టుకి గుద్దుకునేవాళ్ళే ఎక్కువ దెబ్బలు తింటారు. రెంటల్ అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టేస్తాం కదా, అందులో రెండు లైన్లు మాత్రం వెతకండి: మట్టి రోడ్డు మీద నడిపితే ఇన్సూరెన్స్ ఉందా లేదా, ఊరి బయట రాత్రిళ్ళు నడపొచ్చా లేదా. ముఖ్యంగా నార్తర్న్ టెరిటరీ, వెస్టర్న్ ఆస్ట్రేలియా వైపు కొన్ని కంపెనీలు రాత్రి జంతువుని గుద్దితే మాకు సంబంధం లేదంటాయి. మంచు చూద్దామని కాన్‌బెర్రా నుంచి థ్రెడ్‌బో, పెరిషర్ వైపు వెళ్తే అది కొజియస్కో నేషనల్ పార్క్, అక్కడ చలికాలమంతా మామూలు టూ వీల్ డ్రైవ్ కారైతే టైర్ల గొలుసులు వెంట ఉండాల్సిందే. చాలా రెంటల్ కంపెనీలు అసలు మంచులోకి తీసుకెళ్ళనివ్వవు కూడా. బస్సెక్కి వెళ్ళడం హాయి.

కాన్‌బెర్రా అంటే గుర్తొచ్చింది. జులైలో అక్కడ రాత్రిళ్ళు సున్నాకి దిగిపోవడం మామూలే, పొద్దున చూస్తే కారు అద్దం మీద తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు మంచు. నాన్న కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టి పట్టుకొచ్చేశారు, ఇంకో క్షణమైతే పోసేసేవారే. పొయ్యకండి. వేడినీళ్ళు తగిలితే అద్దం పగులుతుంది. ఇంజన్ ఆన్ చేసి, అద్దం వైపు వేడిగాలి తిప్పి పది నిమిషాలు ఆగండి, లేదంటే పాత ప్లాస్టిక్ కార్డుతో గీకండి. వైపర్లు అద్దానికి అంటుకుపోయి ఉంటాయి, ముందే ఆన్ చేస్తే రబ్బరు చినుగుతుంది. మధ్యాహ్నానికి మాత్రం ఎండ బంగారంలా కాస్తుంది, వార్ మెమోరియల్, పార్లమెంట్ హౌస్ రెండూ ఫ్రీయే, నా మటుకు నాకు చలికాలంలో చూడాల్సిన ఊరు అదే.

ఇంకో సంగతి, బయటి చలికన్నా ఇంట్లో చలి ఎక్కువ బాధ పెడుతుంది. అమెరికా ఇళ్ళలాగా ఇల్లంతా వెచ్చగా ఉంటుందనుకుంటే పొరపాటే. బల్లారాట్‌లో ఫొటోలు చూసి మురిసిపోయి ఒక పాత చెక్క ఇల్లు తీసుకున్నాం, వేడిగాలి ఇచ్చే స్ప్లిట్ ఏసీ హాల్లో ఒక్కటే, బెడ్‌రూములు ఫ్రిజ్‌లే, కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టింది. బుక్ చేసేముందు ప్రతి బెడ్‌రూములో హీటర్ ఉందా, మంచం మీద ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉందా అని మెసేజ్ పెట్టి అడగండి, మొహమాటపడొద్దు. చలేస్తోందని బొగ్గుల కుంపటో, క్యాంపింగ్ గ్యాస్ స్టవ్వో లోపల మాత్రం వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా: చిన్న మోటెల్ రూముల్లో ఎండుమిరపకాయల పోపు పెట్టొద్దు. పొగకి అలారం మోగితే కొన్నిచోట్ల సరాసరి ఫైరింజనే వచ్చేస్తుంది, ఆ బిల్లు మీకే వేస్తారు. రైస్ కుక్కర్, పెరుగు, ఊరగాయ చాలు ఒక పూటకి. చిన్న ఊళ్ళల్లో కేఫ్‌లు మధ్యాహ్నం 3కల్లా మూసేస్తారు, షాపులు 5కి, రాత్రి భోజనం 8 లోపే. అడిలైడ్ సెంట్రల్ మార్కెట్ చూడాలనుకుంటే ఆది, సోమవారాలు ఉండదు. మా ఫ్రెండ్ వాళ్ళు సరిగ్గా ఆదివారం దిగి సోమవారం రాత్రి వెళ్ళిపోయారు పాపం.

తిండి సామాన్లు తేవడం గురించి అందరికీ భయమే. సూత్రం ఒక్కటే, విమానంలో ఇచ్చే కార్డులో తిండి ఉంది అని టిక్ పెట్టేయండి. టిక్ పెడితే మహా అయితే తీసి పారేస్తారు, పెట్టకుండా దొరికితే వేల డాలర్ల ఫైన్, ఒక్కోసారి వీసాకే ఎసరు. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలు, విత్తనాలు తేవొద్దు. చాలామందికి తెలియంది ఏంటంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు కూడా ఈ గోల ఉంది. టాస్మేనియాలోకి పండ్లు తేకూడదు, సౌత్ ఆస్ట్రేలియా వాళ్ళకి ఫ్రూట్ ఫ్లై (పండ్లని పాడుచేసే ఈగ) అంటే వణుకు, రోడ్డు మీదే ఆపి చూస్తారు, వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి తేనె కూడా పోదు. మా అమ్మకి ప్రయాణంలో వాంతి వచ్చినట్టుంటే వాసన చూడ్డానికి హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. హోబార్ట్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక కుక్క వచ్చి బుద్ధిగా ఆ బ్యాగు ముందు కూర్చుంది. అమ్మేమో ముద్దొస్తోందని నవ్వుతోంది, నాకు కాళ్ళు వణుకుతున్నాయి. ఆఫీసరమ్మ మర్యాదగానే నిమ్మకాయ తీసి డబ్బాలో వేయించింది. ఇప్పటికీ అమ్మ ఆ నిమ్మకాయ సంగతే చెప్తుంది, క్రెడిల్ మౌంటెన్ గురించి ఎవరికీ చెప్పదు.

బట్టలకి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. ఢిల్లీ చలికి కొన్న లావు కోటు ఒక్కటి కన్నా థర్మల్, దాని మీద స్వెటర్, పైన గాలీ వానా ఆపే జాకెట్ నయం. అడిలైడ్‌లో, మెల్‌బోర్న్ చుట్టుపక్కల చలికాలంలో సన్నటి వానలు, ఆ గాలికి గొడుగు తిరగబడి పోతుంది. హోబార్ట్ పైన కునాన్యి, అదే మౌంట్ వెల్లింగ్టన్, 1271 మీటర్లు, కింద పది డిగ్రీలుంటే పైన సున్నా ఉండొచ్చు, మంచు పడితే పైకి వెళ్ళే రోడ్డే మూసేస్తారు. పొద్దున బయల్దేరేముందు రోడ్డు తెరిచారా లేదా చూసుకుని వెళ్ళండి.

పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు ఫ్లూ టీకా వేయించుకుని రండి, ఇక్కడ ఫ్లూ సీజన్ ఇదే. మన వాళ్ళకి మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం) వర్తించదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా హాస్పిటల్ గుమ్మం ఎక్కితే ఇంతే సంగతులు. యాంటీబయాటిక్స్ లాంటివి ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు. బీపీ, షుగర్ మందులతో పాటు డాక్టర్ చీటీ కూడా తెచ్చుకోండి. ఎమర్జెన్సీకి 000. ఇక్కడ 2024లో 3జీ ఆపేశారు, పాత ఫోన్లతో కాల్స్ పోకపోవచ్చు, నాన్నగారి పాత ఫోన్‌ని నమ్ముకుని అడవి రోడ్డు ఎక్కొద్దు. ఊరు దాటితే టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీకి సిగ్నల్ ఎక్కువ, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

చోటు ఎంచుకునేటప్పుడు ఆ సీజన్‌కి ఏం బాగుంటుందో కూడా చూడాలి. మౌంట్ గాంబియర్ బ్లూ లేక్ ఫొటోలు చూసి జులైలో వెళ్ళారనుకోండి, బూడిద రంగులో ఉంటుంది, ఆ నీలం ఎండాకాలంలోనే. అదే వార్నంబూల్ అయితే చలికాలంలోనే వెళ్ళాలి, అందరూ ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర వెనక్కి తిరిగేస్తారు గానీ ఇంకొంచెం ముందుకి వెళ్తే లోగన్స్ బీచ్‌లో తల్లి తిమింగలాలు పిల్లలతో కనపడతాయి, అదృష్టం ఉండాలి అనుకోండి. చలి అస్సలు పడదు అనేవాళ్ళు డార్విన్ వెళ్ళండి, జులైలో వాన లేకుండా ముప్ఫై డిగ్రీలు, మన డిసెంబర్ విశాఖలా ఉంటుంది, కాకపోతే బోర్డు పెట్టినా పెట్టకపోయినా వాగుల్లో, సముద్రంలో దిగొద్దు, మొసళ్ళు. ఆలిస్ స్ప్రింగ్స్ ఎడారి కదా అని పల్చటి బట్టలతో వెళ్తే రాత్రికి చలికి పళ్ళు టకటకలాడతాయి.

తేదీల విషయానికొస్తే జూన్ రెండో సోమవారం చాలా రాష్ట్రాల్లో కింగ్స్ బర్త్‌డే సెలవు, జులై మొదట్లో స్కూలు సెలవులు, హోబార్ట్‌లో జూన్‌లో డార్క్ మోఫో పండగ, అప్పుడు రూములు దొరకవు, దొరికినా రేట్లు చూసి కళ్ళు తిరుగుతాయి. చివరిగా, కాన్‌బెర్రాకీ లాన్సెస్టన్‌కీ పొద్దున పూట పొగమంచు అలవాటు, మొదటి ఫ్లైట్లు గంటలు గంటలు లేటవుతాయి. అక్కడి నుంచి పొద్దున ఫ్లైట్‌లో మెల్‌బోర్న్ వచ్చి అదే మధ్యాహ్నం ఇండియా ఫ్లైట్ ఎక్కుదాం అని మాత్రం పెట్టుకోకండి, ఒక రాత్రి ముందే వచ్చేసి మా ఇంట్లో పడుకోండి, పప్పు చారు పెడతా.